మూడో అంకె

మీ ఇంట్లో బీపీ మిషన్ ఉందా? ఉండే ఉంటుంది. గ్రైండర్ లేని ఇల్లైనా ఉంటుందేమో గానీ, పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇప్పుడు బీపీ మిషన్ లేకుండా లేదు. చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే బుస్సున పొంగుతుంది, మెల్లగా దిగుతుంది, చివరికి మూడు అంకెలు చూపిస్తుంది. పైన ఒకటి, దాని కింద ఒకటి, అన్నిటికంటే అడుగున చిన్నగా ఇంకొకటి. పై రెండింటినీ వీధిలోకి వినపడేలా చదువుతాం. "నూట ముప్ఫై బై ఎనభై! పర్వాలేదు!" అని. ఆ అడుగు అంకెని మాత్రం ఎవరూ పలకరించరు. దాని పక్కన చిన్న గుండె బొమ్మ కూడా ఉంటుంది, పాపం, "నన్నూ చూడండమ్మా" అన్నట్టు మిణుకు మిణుకుమంటూ.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ సంగతీ అంతే. 2021 వేసవిలో వేలికి ఆ క్లిప్పు తగిలించుకుని 97, 98 అని చూసుకుని "అమ్మయ్య" అనుకోని వాళ్ళు ఎవరున్నారు? దాని మీద కూడా రెండో అంకె ఉంది. అప్పుడున్న భయంలో దాన్ని చూసే తీరికెవరికి?

ఆ అంకె పల్స్. నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేది. ఏ పనీ లేకుండా స్థిమితంగా ఉన్నప్పుడు చూస్తే దాన్నే రెస్టింగ్ హార్ట్ రేట్ అంటారు. ఒక మనిషి గుండె ఎంత గట్టిగా ఉందో, ఒంట్లో ఓపిక ఎంతుందో చెప్పడానికి ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు. మిషన్ కూడా అక్కర్లేదు, గోడ గడియారం, మన వేళ్ళు చాలు. అయితే చదవడం తెలియాలి. మా ఇంట్లో ఆ చదువు ఎలా మొదలైందో చెప్తాను.

మా అత్తయ్యగారికి బీపీ ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే మావారు ఆవిడకి చూసి ఒక నోట్‌బుక్‌లో రాస్తారు. పోయిన ఏడాది వేసవి సెలవులకి మా అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదువుతోంది, కాలేజీ బ్యాడ్మింటన్ టీమ్‌లో ఆడుతుంది. దానికి ఇంట్లో ఏ వస్తువు దొరికినా అందరి మీదా ప్రయోగించాలి. ఆ ఆదివారం మిషన్ దాని చేతికి చిక్కింది. వరసగా అందరినీ కూర్చోబెట్టి మూడు అంకెలూ చదివింది. పల్స్ దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇలా తేలింది: నానమ్మకి 58, దానికి 58, వాళ్ళ నాన్నకి 76, నాకు 94.

"అమ్మా, ఇప్పుడేమైనా మెట్లెక్కి వచ్చావా?" అంది.

మెట్లూ లేవు, మేడా లేదు. అప్పటికి అరగంట నుంచి కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతున్నాను.

మావారు ఫోన్‌లో చూసి, "60 నుంచి 100 దాకా మామూలేనట, ఏం భయం లేదు" అన్నారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఎంత తక్కువుంటే అంత ఫిట్టట. డెబ్బై ఆరేళ్ళ మా అమ్మ నీకంటే ఫిట్టోయ్!" అన్నారు. అత్తయ్యగారు పైకి ఏమీ అనలేదు గానీ ఆ పూట ఆవిడ నడకలో తేడా వచ్చిన మాట నిజం.

ఒకే ఇంట్లో రెండు 58లు. ఒకరు రోజూ రెండు గంటలు కోర్టులో ఎగిరేది, ఇంకొకరు పూజగది నుంచి వసారాకి, వసారా నుంచి పూజగదికి నడిచే ఆవిడ. ఇద్దరిదీ ఒకే ఆరోగ్యమా? ఇక్కడే తిరకాసు ఉంది.

ముందు మా అమ్మాయి 58 సంగతి చూద్దాం. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. మామూలు గుండె ఒక్కసారి కొట్టుకుంటే 70 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు రక్తం బయటికి పంపుతుంది. డెబ్బై సార్లకి పైగా కొట్టుకుంటే గానీ ఆ 5 లీటర్లు పూర్తవవు. రోజూ పరిగెత్తేవాళ్ళకి, ఈదేవాళ్ళకి, ఆడేవాళ్ళకి గుండె గది కాస్త సాగుతుంది, కండ బలపడుతుంది, ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది. చెంబుతో తొట్టి నింపేవాళ్ళు ఎన్నిసార్లు తిరగాలి? బిందెతో నింపేవాళ్ళు ఎన్నిసార్లు? అదీ లెక్క. స్పెయిన్ దేశపు సైకిల్ పందేల వీరుడు మిగెల్ ఇందురైన్ 1991 నుంచి 1995 దాకా వరసగా అయిదుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆయన గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 సార్లే కొట్టుకునేదని చెబుతారు. ఆయనది బిందె కూడా కాదు, గంగాళం!

ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి వంద సార్ల దాకా కొట్టుకుంటుందట. మెదడు నుంచి దిగే వేగస్ అనే నరం దానికి పగ్గం. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఆ పగ్గాన్ని లాగి పట్టి ఉంచుతుంది. వ్యాయామం చేసేవాళ్ళలో ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. అంటే మనం స్థిమితంగా ఉండటమన్నది ఏమీ చేయకపోవడం కాదు, లోపల ఎవరో పగ్గాలు పట్టుకుని కూర్చుంటేనే అది సాధ్యం.

ఇక అత్తయ్యగారి 58. అది ఆవిడది కాదు, మాత్రది. ఆవిడ బీపీకి వేసుకునేది అటెనొలాల్. బీటా బ్లాకర్లు అనే జాతి మందు. బీపీ తగ్గించడంతో పాటు గుండె వేగాన్ని కూడా తగ్గిస్తుంది. తర్వాత డాక్టరుగారు చెప్పారు, ఇలాంటి మందులు వాడేవాళ్ళ పల్స్ చూసి ఫిట్‌నెస్ లెక్క కట్టకూడదని. అలాగే అంకె తగ్గిందని భయపడి మందు మన అంతట మనం మానేయకూడదట, ఆ మందుని ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. థైరాయిడ్ బాగా తక్కువ పనిచేసినా పల్స్ నెమ్మదిస్తుంది. గుండెలో కరెంటు తీగల్లాంటి వ్యవస్థ ఉంటుంది, అది దెబ్బతిన్నా నెమ్మదిస్తుంది. కాబట్టి తక్కువంటే మంచిదే అనుకోవడం సగం నిజం. ఎందువల్ల తక్కువ అన్నది మిగతా సగం. ఈ ముక్క అత్తయ్యగారికి చెప్పే బాధ్యత మావారికే అప్పగించాను. కిరీటం పెట్టినవారే తియ్యాలి కదా.

ఇప్పుడు నా 94.

అది 60 నుంచి 100 లోపలే ఉంది, నిజమే. కానీ ఆ గీతల మధ్య చోటు చాలా పెద్దది. పదో తరగతిలో 35 వచ్చినా పాసే, 95 వచ్చినా పాసే. ఆడవాళ్ళ గుండె మగవాళ్ళ గుండె కంటే కాస్త చిన్నది కాబట్టి మనకి సహజంగానే నాలుగైదు ఎక్కువ ఉంటుంది. అదీ సరే. కానీ దానికి ముందు ఆరేడు నెలలుగా నాకు ఒంట్లో బాగుండటం లేదు. జబ్బు అని చెప్పుకోవడానికి పేరు లేదు. బట్టలు ఆరేసి వచ్చి మంచం అంచున కూర్చుండిపోయేదాన్ని. మధ్యాహ్నానికి కాళ్ళు లాగేసేవి. రెండంతస్తులెక్కితే చెవుల్లో గుండె వినపడేది. ఎవరితో అన్నా ఒకటే మాట: "నలభై దాటాక అందరికీ అంతే." మా ఆడపడుచు అంది, పిన్ని అంది, పక్కింటావిడ అంది. ఆడవాళ్ళకి నీరసం అన్నది ఇంట్లో గోడగడియారం చప్పుడు లాంటిది, ఉన్నా ఎవరికీ వినపడదు. అప్పుడు వచ్చింది ఈ 94. మొదటిసారి నా నీరసానికి ఒక సాక్షి దొరికినట్టయింది.

ఒక్కరోజు చూసి నమ్మకూడదని మా అమ్మాయే వారం రోజుల పని అప్పజెప్పింది. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగక ముందే చూడాలి. కాఫీకి ముందు, మోటారు వేయడానికి ముందు, పాలప్యాకెట్ల వాడి గంట మోగక ముందు. మణికట్టు మీద బొటనవేలి వైపు చూపుడువేలు, మధ్యవేలు ఆనించి ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. బొటనవేలితో పట్టుకోకూడదు, దానికి దాని సొంత నాడి ఉంది, రెండూ కలిసిపోతాయి. ఆ వారం రోజులూ వచ్చినవి: 91, 90, 93, 90, 92, 91, 92. నిద్ర లేచీ లేవక ముందే ఎవరో తరుముతున్నట్టు.

(బీఏ తెలుగు చదివిన పాపానికి ఇక్కడ ఒక్క మాట చెప్పనివ్వండి. పరిగెత్తే గుండెకి మన భాషలో ఎన్ని పలుకుబళ్ళో! గుండె దడదడ, గుండె గుభేల్, గుండె ఝల్లు, గుండె లటుక్కు, గుండెల్లో రైళ్ళు పరిగెత్తడం. నెమ్మదిగా కొట్టుకునే గుండెకి వెతికితే గుండె నిబ్బరం అన్న ఒక్క మాట దొరికింది. ఉన్న ఒక్కటీ ఎంత బాగుందో చూడండి. ఇక నాడి అన్న మాటని నరానికీ వాడతాం, పల్స్‌కీ వాడతాం. ఆయుర్వేదంలో వాతనాడి పాములా పాకుతుందని, పిత్తనాడి కప్పలా గెంతుతుందని, కఫనాడి హంసలా నడుస్తుందని చెబుతారు. ఆడవాళ్ళకి ఎడమచెయ్యి పట్టి చూసేవారట. నాది ఆ లెక్కన కప్పే అయ్యుండాలి, అదీ వర్షాకాలపు కప్ప.)

ఆ కాగితం పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "నీరసంగా ఉందండీ" అని వెళ్ళడానికీ, "వారం రోజులుగా లేవగానే పల్స్ 90 పైన ఉందండీ" అని వెళ్ళడానికీ తేడా ఉంది. ఆవిడ కాగితం చూశారు, కింది కనురెప్ప లాగి చూశారు, గోళ్ళు చూశారు. తర్వాత అడిగిన ప్రశ్న గుండె గురించి కాదు, నెలసరి గురించి. ఎన్ని రోజులు, ఎంత ఎక్కువ, గడ్డలు పడుతున్నాయా అని. ఎనిమిది రోజులు అని చెప్పాను. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, స్కాన్ చేశారు, హిమోగ్లోబిన్ చూశారు. ఈసీజీలో వేగం తప్ప దోషం లేదు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్ళకి 12 ఉండాలి.

రక్తం తక్కువైతే గుండె ఎందుకు పరిగెత్తాలో ఆవిడ చెప్పారు. హిమోగ్లోబినే ప్రాణవాయువుని మోసేది. అది పలచబడితే అదే టీ గ్లాసుడు రక్తంలో సరుకు తక్కువ ఉంటుంది. నీళ్ళు కలిపిన పాలలాగా. పిల్లాడి కడుపు నిండాలంటే మరో గ్లాసు పట్టాలి. గుండె చేసేది అదే, సరుకు తగ్గింది కాబట్టి విసుర్లు పెంచింది. నిమిషానికి ఇరవై విసుర్లు అదనమైతే రోజుకి 28,800. నేను నిద్రపోతున్నప్పుడు కూడా అది ఓవర్‌టైమ్ చేస్తూనే ఉందన్నమాట.

ఇది నా ఒక్కదాని గోడు కాదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాల అంకెలూ ఇంచుమించు అంతే. నూటికి 57 అంటే, ఈ ముక్క చదువుతున్న మనలో సగం మందికి పైన. "నలభై దాటాక అందరికీ అంతే" అనే మాటలో ఆ "అంతే" ఏమిటో మరి ఎవరూ కొలవరు.

ఐరన్ మాత్రలు మూడు నెలలు రాశారు, నెలసరికి వేరే మందు ఇచ్చారు. ఐరన్ మాత్రల వైభోగం వాడినవాళ్ళకి తెలుసు, చెప్పుకుంటే బాగోదు. కాఫీ, టీ, పాలతో వేసుకోవద్దన్నారు, ఐరన్ ఒంటికి పట్టదట. నిమ్మరసంతో అయితే బాగా పడుతుందట. కాఫీకీ మాత్రకీ రెండు గంటల ఎడం పెట్టడమే ఈ వైద్యం మొత్తంలో నాకు కష్టమైన భాగం. రక్తం పుంజుకునేదాకా గట్టి వ్యాయామాలు వద్దన్నారు. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11.6 అయింది. పొద్దుటి పల్స్ 80కి దిగింది. పన్నెండు మెట్లు దిగినట్టు. ఆ దిగడంలో ఫిట్‌నెస్ ఏమీ లేదు, నేను ఒక్క అడుగు అదనంగా నడవలేదు. జబ్బు తాలూకు బరువు దిగిందంతే.

అక్కడ్నుంచి 80 కదలలేదు. ఒకటీ అరా అటూ ఇటూ అవుతుంది, మళ్ళీ 80 దగ్గరే కూర్చుంటుంది. డాక్టరుగారు రిపోర్టు చూసి, "ఇక ఇది మీ చేతుల్లో, కాదు, కాళ్ళల్లో ఉంది" అన్నారు. "పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా నించునే ఉంటానండీ, ఇంకా ఏం నడవమంటారు" అన్నాను.

ఈ మాట మనందరిదీ కదా. ఇంటిపనికి మించిన వ్యాయామం లేదని మనకి మనమూ చెప్పుకుంటాం, మగవాళ్ళూ దాన్నే సౌకర్యంగా ఒప్పుకుంటారు. నేను ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని ఒక పూట చూశాను. అంట్లు తోముతుంటే కాసేపు 100 దాటింది, పక్కకి జరిగి పోపు వేసేసరికి దిగిపోయింది. ఇల్లు తుడుస్తుంటే 115, రెండు గదులు కాగానే ఎవరో తలుపు కొట్టారు, దిగిపోయింది. ఎక్కడా పదినిమిషాలు నిలకడగా లేదు. ఇంటిపని కాళ్ళని, నడుముని, ఓర్పుని అరగదీస్తుంది. ఊరికే కూర్చునే దాని కంటే అదీ మేలే. కానీ గుండె బలపడాలంటే దాన్ని ఒక అరగంట ఆపకుండా, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంలో పనిచేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలంటోంది. మన పనికి ఆ నిలకడ లేదు, ఎందుకంటే ఆ పని మన కోసం జరిగేది కాదు, ఎవరు పిలిస్తే అటు తిరిగేది. అందుకే పనిచేసి అలసిపోతున్నాం గానీ గట్టిపడటం లేదు.

వినాయక చవితి మర్నాటి నుంచి గోదావరి గట్టు మీదకి వెళ్ళడం మొదలుపెట్టాను. వారానికి అయిదు రోజులు, నలభై నిమిషాలు. మావారు వస్తానన్నారు, నాలుగురోజులు వచ్చారు కూడా. ఆయనతో చిక్కేమిటంటే, తెలిసినవాళ్ళు కనిపించిన చోటల్లా ఆగుతారు, రాజమండ్రిలో ఆయనకి తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు ఆయన ఇంట్లో అమ్మకి కాఫీ కలుపుతున్నారు, నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఇద్దరికీ బాగుంది. మొదటి నెల అంకెలో ఏ మార్పూ లేదు. రెండో నెలలో 78. సంక్రాంతి నాటికి 75. అయిదు అంటే ఏం పెద్ద అనిపించొచ్చు. నాకు మాత్రం మొదటి పన్నెండు కంటే ఈ అయిదే ముద్దు. అవి మాత్రలు తెచ్చినవి, ఇవి నేను నడిచి తెచ్చుకున్నవి.

రోజూ రాస్తుంటే అంకె ఎన్ని కబుర్లు చెబుతుందో. పెళ్ళికి వెళ్ళి రాత్రి రెండింటికి పడుకున్న మర్నాడు 82. జ్వరం పైకి తెలియకముందే 84, మధ్యాహ్నానికి ఒళ్ళు కాలింది. మే నెల ఎండలో నీళ్ళు తక్కువ తాగినా పెరిగింది. నెలసరికి ముందు వారం రెండు మూడు ఎక్కువ, అది సహజమేనట. మావారితో మాటామాటా అనుకుని పడుకున్న మర్నాడు ఎంత వచ్చిందో ఇక్కడ రాయను. అందుకే ఒక్కరోజు అంకె పట్టుకుని గాభరా పడక్కర్లేదు. పక్కింటివాళ్ళ అంకెతో పోల్చుకోవడమూ దండగ. మన పోయిన నెల అంకెతో మన ఈ నెల అంకె చూసుకోవాలి. విశ్రాంతిలో ఉండగా రోజుల తరబడి 100 దాటుతున్నా, మందులేవీ వాడకుండానే బాగా పడిపోయి కళ్ళు తిరుగుతున్నా, లయ తప్పి ఒకటి ఆగి ఒకటి కొట్టుకుంటున్నా నోట్‌బుక్ మూసి డాక్టరు దగ్గరికి నడవాల్సిందే. ఆయాసమో గుండెనొప్పో స్పృహ తప్పడమో ఉంటే ఆ పూటే. లయ తప్పినప్పుడు మన మిషన్లూ సరిగా లెక్కపెట్టలేవు.

అత్తయ్యగారి నోట్‌బుక్‌లో ఇప్పుడు మూడో గడి గీశాం. ఆవిడ 58 కింద నేను "మాత్ర" అని చిన్నగా రాస్తే ఆవిడ ఒప్పుకోలేదు, "వసారా నడక" అని రాయించారు. మొన్న కాకినాడ నుంచి మా తోటికోడలు ఫోన్ చేసింది. నా సంగతి విని వాళ్ళింట్లో మిషన్ పెట్టుకుని చూసుకుందట. "అక్కా, 104 వచ్చింది, కాళ్ళూ చేతులూ ఆడటం లేదు" అంది. ఎప్పుడు చూశావని అడిగాను. ఇప్పుడే, పక్కగదిలో పిల్లలు కొట్టుకుంటుంటే, కుక్కర్ నాలుగో కూతకి పరిగెత్తి ఆపి వచ్చి కూర్చుని చూసిందట. రేపు పొద్దున మంచం దిగకముందు చూడమన్నాను. వారం రోజులవి రాసి పంపమన్నాను. ఇప్పటికి మూడు వచ్చాయి: 88, 90, 89. నెలసరి ఎన్ని రోజులుంటోందే అని అడిగితే, కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నలభై దగ్గర పడుతోంది కదక్కా" అంది. శుక్రవారం హిమోగ్లోబిన్ పరీక్షకి వెళ్తోంది.